దేవుడు మన అవసరాలు తీరుస్తాడా? నల్గొండ, పాలమూరు విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

వాక్యం చెబుతున్నప్పుడు అడగడానికి మొహమాటపడి, కూడిక ముగిశాక గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ అడిగే ప్రశ్నలు ఇవి. దేవరకొండ వైపు పత్తి రైతులు, మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు, నారాయణపేట, మక్తల్ నుంచి ముంబయి, పుణె వెళ్లివచ్చే కూలీలు, పింఛను మీద బతికే వృద్ధులు అడిగినవి. మన ప్రాంతంలో బాప్టిస్టు, మెన్నోనైట్ బ్రదరెన్, కాథలిక్, పెంతెకోస్తు సంఘాలన్నీ ఉన్నాయి. వాటి మధ్య అభిప్రాయభేదం ఉన్న చోట ఆ సంగతి చెప్పాను. నా అభిప్రాయమూ దాచుకోలేదు.

"యెహోవా నా కాపరి, నాకు లేమి కలుగదు" అని పాడతాం. మా ఇంట్లో లేమి తప్ప ఇంకేమీ లేదు. ఆ కీర్తన నేను ఏ నోటితో పాడాలి?

23వ కీర్తనను మొదటి వచనం దగ్గరే ఆపేస్తే ఈ ఇబ్బంది వస్తుంది. పచ్చిక బయళ్లతో మొదలైన ఆ కీర్తన సగానికి వచ్చేసరికి గాఢాంధకారపు లోయలోకి దిగుతుంది. భోజనం బల్ల మీదికి వచ్చేది ఆ లోయ తర్వాతే, అదీ శత్రువులు చూస్తుండగా. ఎండాకాలం మందలను నల్లమల అంచుకో, కృష్ణ ఒడ్డుకో తోలుకెళ్లే గొల్లకురుమలను చూసిన మనకు ఇది కొత్త కాదు. మేత దొరుకుతుంది, అయితే ఉన్న చోట కాదు, కాపరి వెంట నడిచిన చోట. ఎన్నాళ్లు నడవాలో గొర్రెకు తెలియదు.

కాబట్టి ఆ కీర్తనను మీరు పాడవచ్చు. మీ ఇంట్లో అన్నీ ఉన్నాయని ఆ పాట అబద్ధం చెప్పడం లేదు. మీరు ఎవరి చేతిలో ఉన్నారో చెబుతోంది. పాడలేని రోజున 13వ కీర్తన చదవండి. "ఎంతకాలం నన్ను మరచిపోతావు" అని దేవుణ్ణే నిలదీసే ఆ ప్రార్థన కూడా అదే గ్రంథంలో ఉంది. మన కూడికల్లో దాన్ని ఎందుకు పాడమో నాకు అర్థం కాదు.

"రేపటిని గూర్చి చింతింపకుడి" అన్నాడు ప్రభువు. రేపు అప్పు కిస్తీ కట్టాలి. చింతించకుండా ఎలా ఉంటాం?

ఆ మాట ఎవరితో అన్నాడో మొదట చూడాలి. కొట్టు నిండా ధాన్యం ఉన్నవారితో కాదు. రోమా పన్నులు కట్టే గలిలయ రైతులతో, జాలరులతో అన్నాడు. సాయంత్రానికి ఒక దేనారం చేతిలో పడితే తప్ప పొయ్యి వెలగని దినకూలీల సంగతి మత్తయి 20వ అధ్యాయంలో ఆయనే చెప్పాడు. కష్టం తెలియక అన్న మాట కాదిది. అదే వచనం చివర "ఏనాటికీడు ఆనాటికి చాలును" అని కూడా ఉంది. అంటే ప్రతి రోజుకూ దాని కీడు ఉంటుందని ఆయన ఒప్పుకుంటున్నాడు.

చింత వేరు, లెక్క వేరు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని అడిగింది కూడా ఆ ప్రభువే (లూకా 14:28). నేను చెప్పేది ఒకటే: ఎవరికి ఎంత ఇవ్వాలి, వడ్డీ ఎంత, ఏ తేదీకి ఇవ్వాలి అనేవి ఒక కాగితం మీద రాయండి. భార్యాభర్తలిద్దరూ కలిసి రాయండి. ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రార్థించండి. తెల్లవార్లూ తలలో తిరిగే అప్పు కాగితం మీదికి దిగితే ప్రార్థన సూటిగా వస్తుంది. తెల్లారాక ఎవరి ఇంటికి వెళ్లి గడువు అడగాలో కూడా తెలుస్తుంది.

దేవుడే పోషిస్తాడని నమ్మితే మరి ఇంత కష్టపడటం ఎందుకు? పని చేయడం విశ్వాసం తక్కువై కాదా?

దీనికి అరణ్యంలో కురిసిన మన్నా కథే జవాబు. మనం ఆ కథ సగమే చెబుతాం. నలభై ఏళ్లు మన్నా కురిసింది. ఎవరికి కావలసినంత వారు ఏరుకున్నారు. మరునాటికి దాచుకున్నది పురుగుపట్టింది. విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రం రెండింతలు దొరికింది, అది చెడలేదు. ఇంతవరకు ఆదివారం బడి పిల్లలకూ తెలుసు. మిగతా సగం యెహోషువ 5వ అధ్యాయంలో ఉంది. యొర్దాను దాటి కనాను పంట తిన్న మరుసటి రోజే మన్నా ఆగిపోయింది. దేవుడు పోషించడం ఆగలేదు, పోషించే తీరు మారింది. అప్పటినుంచి దున్నాలి, విత్తాలి, కోయాలి, నూర్చాలి.

ఆకాశపక్షులను చూడమన్న ప్రభువు, విత్తడం మానేయమని రైతుకు చెప్పలేదు. పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని పౌలు థెస్సలొనీక సంఘానికి గట్టిగానే రాశాడు. అయితే ఆ వచనాన్ని పని దొరకనివాడి మీద, చేతగానివాడి మీద విసిరే పెద్దమనుషులు ఉన్నారు. పౌలు అన్నది "చేయనొల్లనివాడు" అని. అడ్డా మీద తెల్లవారుజాము నుంచి నిలబడి, పది గంటలకు పని దొరక్క తిరిగొచ్చిన కూలీని ఉద్దేశించి కాదు.

ప్రార్థన చేసి బోరు వేశాం. నీళ్లు పడలేదు. దేవుడు మా ప్రార్థన వినలేదా?

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఇంతకంటే ఎక్కువగా అడిగే ప్రశ్న లేదు. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మన కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు రాయి. ఆ రాయిలో నీరు చెరువులా నిలవదు. పైన మెత్తబడిన పొరలో, కింద పగుళ్లలో మాత్రమే ఉంటుంది. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. పక్క పొలంలో పడి మీ పొలంలో పడకపోవడానికి ఆయన విశ్వాసమో మీ అవిశ్వాసమో కారణం కాదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని తిరిగినా, యాజకుడు నూనె పోసి ప్రార్థించినా రాయి రాయే. సూర్యుణ్ణి చెడ్డవారి మీద, మంచివారి మీద ఒకేలా ఉదయింపజేసేవాడు, భూమి కింద పగుళ్లను మాత్రం విశ్వాసులకు వేరుగా కేటాయించలేదు.

ఇక లేఖనం. ఏలీయా కరువు వస్తుందని చెప్పి, దేవుడు పంపిన చోటికే, కెరీతు వాగుకు వెళ్లాడు. కాకులు రొట్టె తెచ్చాయి. ఆ తర్వాత వచనం చూడండి: దేశంలో వాన లేనందున కొంతకాలానికి ఆ వాగు ఎండిపోయింది. దేవుడు చూపించిన వాగే ఎండిపోయింది! ఏలీయా తప్పు చేశాడని అక్కడ ఎక్కడా లేదు. వాగు ఎండిన తర్వాత దేవుడు ఆయన్ను సారెపతుకు పంపాడు. ధనవంతుడి ఇంటికీ కాదు, ఇశ్రాయేలీయుల ఇంటికీ కాదు. చివరి పిడికెడు పిండితో రొట్టె చేసుకుని తిని చనిపోదామనుకుంటున్న ఒక పరదేశి విధవరాలి ఇంటికి. ఆమెకు పోషణ ఏలీయా రూపంలో వచ్చింది, ఏలీయాకు ఆమె రూపంలో. ఇద్దరిలో ఎవరూ అలా వస్తుందని ఊహించి ఉండరు.

అందుకని, ఒక బోరు ఎండితే ఇంకొకటి, అదీ పోతే మరొకటి అని అప్పు మీద అప్పు చేసి రాయిని తొలవకండి. "ప్రార్థించాం కాబట్టి పడాలి" అనుకోవడం దేవాలయ శిఖరం మీద సాతాను చెప్పిన తర్కమే: దూకు, దేవదూతలు పట్టుకుంటారు. ప్రభువు అందుకు ఒప్పుకోలేదు. భూగర్భ జల శాఖవారితో సర్వే చేయించుకోండి. నీళ్లు తక్కువని తేలితే వరి మానేసి కంది, జొన్న, ఆముదం వంటి మెట్ట పంటలకు మారండి. మన తాతలు ఈ ఎర్ర నేలలో ఆముదం పండించే బతికారు. పంట మార్చుకోవడం విశ్వాసం మార్చుకోవడం కాదు.

పని కోసం ఊరు వదిలి వలస వెళ్లడం దేవుని మీద నమ్మకం లేకపోవడమా?

పాలమూరు లేబర్ అన్న పేరు దేశంలోని ఆనకట్టలన్నింటికీ తెలుసు. ఇక్కడివారు కట్టని ప్రాజెక్టు లేదని పెద్దలు అంటారు, అందులో అతిశయోక్తి తక్కువే. బైబిలులోనూ కరువు వస్తే జనం కదిలారు. అబ్రాహాము ఐగుప్తుకు వెళ్లాడు. యాకోబు కుటుంబం మొత్తం వెళ్లింది. ఇస్సాకును మాత్రం వెళ్లవద్దని, అక్కడే ఉండమని దేవుడు చెప్పాడు. అంటే ఒకే సూత్రం లేదు. వెళ్లినవాడిని నిందించకూడదు, ఉన్నవాడిని పొగడకూడదు.

అయితే వెళ్లే ముందు కొన్ని చూసుకోండి. మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఎంత, దానికి ఎన్ని నెలల పని, మధ్యలో జబ్బు చేస్తే ఏమిటి అన్నది సాక్షుల ముందు మాట్లాడుకోండి. అడ్వాన్సు చేతిలో పడిన రోజున అది దేవుని మేలులా కనిపిస్తుంది, ఆరు నెలల తర్వాత గొలుసులా కనిపించకూడదు. పిల్లలను బడి మాన్పించి వెంట తీసుకెళ్లకండి. ఇక్కడ సంఘానికీ బాధ్యత ఉంది. వలస నెలల్లో ముసలివాళ్లు, పిల్లలు మాత్రమే మిగిలే వాడల్లో ఆదివారం హాజరు తగ్గిందని బాధపడే కాపరి, ఆ ముసలివారి బీపీ మాత్రలు అయిపోయాయో లేదో కూడా చూడాలి.

అప్పుల్లో ఉన్నాం. దేవుడు అద్భుతంగా అప్పు తీరుస్తాడని ఒక ప్రార్థనా సభలో చెప్పారు. ఎదురుచూడవచ్చా?

2 రాజులు 4వ అధ్యాయంలో అప్పు గురించి ఒక అద్భుతం ఉంది. దాన్ని మెల్లగా చదవండి. దేవునికి భయపడిన ఒక ప్రవక్త శిష్యుడు అప్పు మిగిల్చి చనిపోయాడు. అప్పులవాడు ఇద్దరు పిల్లలను బానిసలుగా తీసుకెళ్లడానికి వచ్చాడు. (భక్తిగలవాడు అప్పుల్లో చనిపోయే అవకాశం లేదని చెప్పేవారు ఈ మొదటి వచనం దగ్గరే ఆగి ఆలోచించాలి.) ఎలీషా ఆమెను అడిగింది, ఇంట్లో ఏముంది అని. కొంచెం నూనె ఉంది. ఇరుగుపొరుగు ఇళ్ల నుంచి ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తక్కువ తేకు అన్నాడు. నూనె పొంగింది. చివరికి ఎలీషా చెప్పింది: వెళ్లి నూనె అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి.

అద్భుతం జరిగింది, అయినా అప్పు మాఫీ కాలేదు. అమ్మకం ఉంది, లెక్క చెల్లింపు ఉంది, మిగిలిన సొమ్ముతో సంసారం ఉంది. అన్నిటికంటే ముందు పాత్రలు ఇచ్చిన పొరుగువారు ఉన్నారు. వారు తలుపులు వేసుకుని ఉంటే నూనె నిండేది దేనిలో?

మన లెక్కకు వద్దాం. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. లక్ష తెస్తే ఏడాది తిరిగేసరికి 36,000 వడ్డీ. ఏ పత్తి పంటా ఆ రేటుకు లాభం ఇవ్వదు. భూమి పట్టా ఉన్నవారికి బ్యాంకు పంట రుణం సకాలంలో కడితే వడ్డీ రాయితీ పోను 4 శాతం పడుతుంది. ఆ రెంటి మధ్య తేడాయే చాలా ఇళ్లలో ప్రార్థన అంశం. కౌలు రైతుకు బ్యాంకు తలుపు అంత తేలిగ్గా తెరుచుకోదు, అది నిజం. అలాంటివారికి మహిళా సంఘం రుణం ప్రైవేటు వడ్డీ కంటే ఎన్నో రెట్లు నయం. పెళ్లికి, గృహప్రవేశానికి మాత్రం అప్పు చేయకండి. కానా ఊరి పెళ్లిలో ద్రాక్షారసం అయిపోయిందని యేసు అద్భుతం చేశాడు కదా అంటారు కొందరు. అక్కడ ఎవరూ నూటికి మూడు రూపాయలకు తేలేదు.

అప్పుల్లో ఉన్నప్పుడు కూడా దశమభాగం ఇవ్వాలా?

ఇక్కడ సంఘాల మధ్య తేడా ఉంది. దశమభాగం నేటికీ తప్పనిసరి అని కొన్ని సంఘాలు బోధిస్తాయి. అది పాత నిబంధన ఆజ్ఞ అనీ, ఇప్పుడు ఎవరి హృదయంలో నిశ్చయించుకున్నట్టు వారు ఇవ్వాలనీ మరికొన్ని అంటాయి. నేను రెండో పక్షం. చేసిన అప్పును, పనిచేసినవాడి కూలిని ఆపి కానుక వేయడం దేవునికి ఇష్టమని నేను నమ్మలేను. మీకు లేనిదాన్ని బట్టి కాదు, ఉన్నదాన్ని బట్టి మీ కానుక అంగీకరించబడుతుందని పౌలు 2 కొరింథీయులు 8లో రాశాడు.

మలాకీ 3:10 అందరికీ కంఠస్థం. పదియవ భాగం తెండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతాను. అదే అధ్యాయం 5వ వచనంలో కూలివారి జీతం విషయంలో వారిని బాధించేవారి మీద దేవుడు తానే సాక్షిగా నిలబడతానంటాడు. నాట్లు వేసిన ఆడవారి కూలి మూడు వారాలు ఆపి ఆదివారం కవరు నింపేవాడు పదో వచనం చదివాడు, ఐదోది దాటేశాడు. ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం ప్రతి మూడో ఏట ఆ పదో భాగం ఊళ్లోనే ఉంచాలి. లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు వచ్చి తిని తృప్తిపొందడానికి. ఈ భాగం మీద ప్రసంగం విని చాలా కాలమైంది.

టీవీలో "విత్తన కానుక" పంపితే నూరంతలు వస్తుందంటున్నారు. పంపవచ్చా?

వద్దు.

కొంచెం వివరిస్తాను. మార్కు 10లో నూరంతల మాట ఉంది, "హింసలతో కూడ" అన్న మాట దాని పక్కనే ఉంది. దాన్ని ఎవరూ తెర మీద వేయరు. పేద విధవరాలు రెండు కాసులు వేసిన కథ చూపించి పేదల దగ్గర వసూలు చేయడం మరీ దారుణం. ఆ కథకు ముందరి మాటలు చదవండి. దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్లు మింగేస్తున్నారని శాస్త్రులను ప్రభువు ఎండగట్టాడు. వెంటనే ఆ విధవరాలు వచ్చింది. ఆమె వేసిన తర్వాత, ఈ దేవాలయంలో రాయి మీద రాయి నిలవదు అన్నాడు. ఆమె ప్రేమను మెచ్చుకున్నాడు, సందేహం లేదు. ఆమె జీవనమంతా మింగేసిన ఆ ఏర్పాటును మాత్రం మెచ్చుకోలేదు.

గొర్రెలు అమ్మిన డబ్బు ఫోనులో పంపి, వచ్చే నెలకు నూరంతల కోసం ఎదురుచూసే అమాయకులను ఏమనాలో తెలియదు. అడిగినవారిని ఏమనాలో మాత్రం తెలుసు.

"దేవుడు మీ ప్రతి అవసరమును తీర్చును" అని ఫిలిప్పీయులు 4:19లో ఉంది కదా. అది వాగ్దానం కాదా?

వాగ్దానమే. ఎవరికి ఇచ్చిన వాగ్దానమో చూడండి. చెరసాలలో ఉన్న పౌలుకు ఎపఫ్రొదితు చేత కానుక పంపిన సంఘానికి. మాసిదోనియ సంఘాలు నిరుపేదరికంలో ఉండి కూడా ఇచ్చాయని పౌలు మరోచోట రాశాడు. రాసినవాడు ఖైదీ. అంతకు కొన్ని వచనాల ముందే, కడుపు నిండి ఉండటమూ ఆకలిగొని ఉండటమూ రెండూ నేర్చుకున్నాను అన్నాడు. ఆకలి ఎరిగినవాడు పేదవారికి రాసిన మాట అది. గోడమీద క్యాలెండరులో ఒంటరిగా చూస్తే ఇది కనిపించదు.

రేషన్ బియ్యం, పింఛను, ఉపాధి హామీ పని తీసుకోవడం దేవుని మీద కాక ప్రభుత్వం మీద ఆధారపడటం కాదా?

కాదు. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది, రేషన్ కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు ఆరు కిలోలు. వాటిని వండుకుని కృతజ్ఞతా ప్రార్థన చేసి తినండి. చేలో పరిగె వదిలేయాలని, అంచులు కోయకూడదని ఇశ్రాయేలుకు చట్టం ఉండేది. రూతు ఆ చట్టం వల్లే బోయజు చేలో ఏరుకుంది. హక్కును వాడుకోవడంలో అవమానం లేదు. అర్హత లేకుండా కార్డు పెట్టుకుని, అర్హత ఉన్న పక్కింటివాడికి రాకపోతే "దేవుని చిత్తం" అనడంలోనే అవమానం ఉంది.

జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్లకుండా ప్రార్థనతోనే నయమవుతుందని ఎదురుచూడాలా?

వెళ్లండి. ప్రార్థించి వెళ్లండి, వెళ్లాక ప్రార్థించండి, మాత్రలు ఆపకండి. జడ్చర్లలో మెన్నోనైట్ బ్రదరెన్ వారు వైద్యశాల కట్టింది ప్రార్థన మీద నమ్మకం లేక కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదట అమలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో ఇప్పుడు దాని పరిమితి పది లక్షలు. భూమి అమ్మే ముందు, బంగారం కుదువపెట్టే ముందు ఆ కార్డు చెల్లుతుందో లేదో అడగండి.

మా తాతల కాలం నుంచి ఫ్లోరైడు నీళ్లు తాగి వంగిపోయాం. దేవుడు మంచి నీళ్లే ఇవ్వలేకపోయాడా?

మర్రిగూడ, మునుగోడు వైపు ఈ ప్రశ్న అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. వంగిన వెన్నెముకతో అడుగుతున్నవారికి వచనం చదివి వినిపించడం తేలిక, అది వారికి పనికిరాదు.

కొంత మాత్రం చెప్పగలను. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు పళ్లను, ఎముకలను పాడుచేస్తుంది. అది రాతిలో నుంచి వస్తుంది. బోర్లు లోతుకు వెళ్లిన కొద్దీ చాలాచోట్ల పెరుగుతుంది. ఎవరి పాపానికీ శిక్ష కాదు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించారు. ప్రపంచమంతా దాన్ని నల్గొండ పద్ధతి అనే పిలుస్తుంది. తర్వాత మిషన్ భగీరథ గొట్టాల్లో కృష్ణ నీళ్లు వచ్చాయి. ఇవి దేవుని పోషణ అని నేను నమ్ముతాను. ఆలస్యంగా వచ్చాయి అనడం కూడా నిజమే. ఆ ఆలస్యంలో దేవునికంటే మనుషుల పాలే ఎక్కువ. పక్కనే కృష్ణ మీద నాగార్జునసాగర్ నిలిచి, 1967 నుంచి కాలువలు పారుతుంటే, ఎగువన ఉన్న పల్లెలు బోరు నీళ్లే తాగాయి. ఇప్పటికీ గొట్టం నీళ్లు రాని రోజున బోరు నీళ్లు తాగే వాడలు ఉంటే సంఘం మండల కార్యాలయానికి వెళ్లి అడగాలి. అది కూడా ప్రార్థనలో భాగమే.

నిజంగా దేవుని నమ్మినవారు ఆకలితో చనిపోలేదా?

చనిపోయారు. హెబ్రీయులు 11లో విశ్వాసవీరుల పట్టిక చివర చూడండి, దరిద్రులై, గొర్రె చర్మాలు కప్పుకుని, గుహల్లో తిరిగినవారు ఉన్నారు. వారి విశ్వాసమూ సాక్ష్యం పొందిందని అక్కడ రాసి ఉంది. హబక్కూకు తన ప్రార్థనలో, అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పైరు ఇవ్వకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను యెహోవాయందు ఆనందిస్తాను అంటాడు. పంట వస్తుంది కాబట్టి ఆనందిస్తాను అనలేదు.

1876-78 మధ్య దక్కనులో వచ్చిన మహాకరువు నిజాం రాజ్యాన్నీ, మద్రాసు రాష్ట్రాన్నీ పీల్చేసింది. ఆ కాలంలో ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి పని కల్పించాడు. గంజి కేంద్రం పెట్టడం కంటే ఇది కష్టమైన పని. కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మం ఇవ్వలేదు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం ప్రసంగాల్లో గొప్పగా చెప్పుకుంటాం. అంతకు ముందు తట్టలు, పారలు పట్టిన నెలల గురించి అంతగా చెప్పుకోం.

జార్జి ముల్లర్ ఎవరినీ అడగకుండా అనాథలను పోషించాడట. మేమూ అలాగే ఎవరినీ అడగకూడదా?

ముల్లర్ ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ గృహం తెరిచాడు. తన జీవితకాలంలో పదివేల మందికి పైగా పిల్లలను చూశాడు. డబ్బు ఇమ్మని ఏ మనిషినీ అడగనని నియమం పెట్టుకున్నాడు, అప్పు చేయలేదు. ఆయన బావమరిది గ్రోవ్స్ వెంట అదే 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నర్సాపురంలో సేవ చేశారు, కాబట్టి ఈ తరహా విశ్వాసం తెలుగు సంఘాలకు పరాయిది కాదు.

మనం మరచిపోయే సంగతి: ముల్లర్ పైసా పైసాకు లెక్క రాశాడు, ఏటా నివేదిక అచ్చువేసి అందరికీ ఇచ్చాడు. ఆయన నియమం ఆయన పిలుపు. అది మీ మెడకు కట్టుకోనవసరం లేదు. పౌలు యెరూషలేములోని పేదల కోసం సంఘాలను నేరుగానే చందా అడిగాడు. అడగడం విశ్వాసలోపమైతే, ముందుగా పౌలును తప్పుపట్టాలి.

ఉద్యోగం కోసం ప్రార్థిస్తున్నాను. ఎన్నేళ్లు గ్రూప్స్‌కు చదవాలి?

దీనికి వచనం లేదు. ఇంట్లో ఎవరి కష్టం మీద చదువుతున్నారో వారిని అడగండి. ఒక ఏడాది నిర్ణయించుకోండి, ఆ లోపు రాకపోతే చేతికి దొరికిన పనిలో చేరి చదవండి. పౌలు డేరాలు కుట్టుకుంటూనే సువార్త చెప్పాడు.

మా ఊళ్లో ఒక విశ్వాసి పంట పోయి, అప్పుల బాధతో ప్రాణం తీసుకున్నాడు. ఆయనకు విశ్వాసం లేదని కొందరంటున్నారు.

వారిని మాట్లాడవద్దనండి. కర్మెలు మీద నిప్పు దింపిన ఏలీయా ఆ వెంటనే అరణ్యంలో బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు పంపాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత, చాలా దూరం వెళ్లాక.

ఇప్పుడు ఆ చనిపోయినాయన ఇంట్లో భార్య ఉంది, పిల్లలు ఉన్నారు. పిల్లల ఫీజు, ఆమె పింఛను దరఖాస్తు, అప్పులవారితో మాట్లాడటం, ఇవి సంఘ పెద్దలు చేయాల్సిన పనులు. మీ ఇంట్లోనే ఎవరైనా అలాంటి మాటలు అంటుంటే, నిద్రపోకుండా, తినకుండా ఉంటుంటే, ఒంటరిగా వదలకండి. పొలం మందులు ఇంట్లో ఉంచకండి. 14416 అనే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయం) నంబరుకు ఫోను చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన కోసం కాపరిని కూడా పిలవండి, ఒకటి చేస్తే రెండోది చేయకూడదని లేదు.

బ్యాంకులో దాచుకోవడం, బీమా చేయించడం తప్పా?

తప్పు కాదు. యోసేపు ఏడేళ్ల పంటలో ఐదో భాగం దాచాడు కాబట్టే అన్నలు బతికారు. లూకా 12లోని ధనవంతుడు కొట్లు కట్టినందుకు వెర్రివాడు కాలేదు, ఆ కొట్లను చూసి తన ప్రాణానికి భరోసా చెప్పుకున్నందుకు అయ్యాడు. చిట్టీలు మాత్రం తెలిసినవాడు కదా అని వేయకండి.

మా చిన్న సంఘంలో పేదల కోసం ఏదైనా మొదలుపెట్టాలంటే ఎలా?

యాభై కుటుంబాలు కూడా లేని పల్లె సంఘాల్లో ఇది బాగా నడవడం చూశాను. అన్నం వండేముందు రోజూ ఒక పిడికెడు బియ్యం వేరే డబ్బాలో వేసి ఆదివారం తెచ్చే అలవాటు మన తల్లులకు ఉంది. దాన్ని కాపరి ఇంటికే కాక, సగం పేదల డబ్బాకు మళ్లించండి. పంటల పండుగలో వచ్చిన వడ్లు, కందులు, గుమ్మడికాయలు వేలం వేసిన డబ్బులో కొంత భాగం కూడా అందులో కలపండి. డబ్బు ఇద్దరి దగ్గర ఉండాలి, అందులో ఒకరు స్త్రీ అయితే మంచిది, ఏ వంట గదిలో గంజి కాగుతోందో ఆమెకు తెలుస్తుంది. ఆ ఇద్దరూ కాపరి బంధువులు కాకూడదు. యెరూషలేముకు చందా తీసుకెళ్లేటప్పుడు ఎవరూ తన మీద నింద వేయకుండా పౌలు తనతో వేరేవారిని పంపుకున్నాడు, మనం ఆయనకంటే పరిశుద్ధులం కాము.

ఇచ్చేటప్పుడు ముందు పిలిచి ఫొటో తీయకండి. ఎవరికి ఇచ్చారో సంఘంలో చదవకండి. మూడు నెలలకోసారి ఎంత వచ్చింది, ఎంత ఇచ్చాం, ఎంత మిగిలింది అని మాత్రం చదవండి. సంఘ సభ్యులు కానివారికి కూడా ఇవ్వాలా అని తప్పకుండా వాదన వస్తుంది. సారెపతు విధవరాలి కథ ఆ ఆదివారమే చదివించండి. మొదటి ఏడాది డబ్బు తక్కువ వస్తుంది, ఒకరిద్దరు మోసం చేస్తారు, పెద్దల్లో ఒకరు అలుగుతారు. రెండో ఏడాది వలస వెళ్లినవారు ముంబయి నుంచి ఫోనులో డబ్బు పంపడం మొదలుపెడతారు. అప్పుడు నోటుబుక్కు ఒకటి సరిపోదు, రసీదు పుస్తకం కూడా కొనాలి.